పరుపులాయన దగ్గర నిద్ర

నాకు ఒక ముసలాయన మీద అసూయ ఉండేది. ఉండేది అంటున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం ఉంది. ఆయనకు డెబ్బై దాటాయి. ముందు పళ్ళు నాలుగు లేవు. ఆదోనిలో ఒక ఇరుకు సందులో పరుపులు, బొంతలు కుట్టుకునేవాడు. అలాంటి మనిషిని తలుచుకుని నలభై దాటిన ఆడదాని కడుపు మండిందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వండి. మీ మొగుడు మీ ఇంట్లో కన్ను మూయకుండా, బస్సెక్కి వెళ్ళి ఇంకొకరి ఇంట్లో హాయిగా నిద్రపోయి వస్తే అప్పుడు తెలుస్తుంది.

మాది ఎమ్మిగనూరు, నేతగాళ్ళ వీధి. మా ఆయన కూడా మగ్గం గుంటలో పుట్టినవాడే. మగ్గం మీద ఇద్దరి కడుపులు నిండవని ఇరవై ఏళ్ళు నిండకముందే మిలటరీలో చేరాడు. పెళ్ళయ్యాక మా కాపురమంతా సెలవుల్లోనే జరిగింది. ఆయన వచ్చే నెల, పోయే నెల, ఆ రెంటి మధ్యలో నేనూ నా మగ్గమూ. మామగారు పోయాక ఆ మగ్గం నేనే నేశాను. పదో తరగతి దాకా చదివి, దొరికిన పుస్తకమల్లా నమిలే అలవాటున్న నాకు, మాట్లాడ్డానికి ఇంట్లో మనిషి లేని లోటు మగ్గమే తీర్చింది. పిల్లలిద్దరినీ కర్నూలు హాస్టల్లో వేశాక మరీను.

ఆయన సర్వీసు ముగించుకుని పెట్టెతో సహా దిగిన రోజు నా అంత సంతోషం వీధిలో ఎవరికీ లేదు. ఇక సెలవు ముగియదు కదా అనుకున్నాను. వారం తిరిగేసరికి అర్థమైంది, వచ్చింది సగం మనిషే అని.

తలుపుకి వీపు పెట్టి కూర్చునేవాడు కాదు. అన్నం తింటూ తింటూ ముద్ద కంచంలోనే వదిలేసి వీధిలోకి వెళ్ళి చూసి వచ్చేవాడు. కుక్కర్ విజిల్ వేస్తే గోడకి అతుక్కునేవాడు. ఉగ్గాని బజ్జీ అంటే ప్రాణం పెట్టే మనిషి, హోటల్లో జనం ఎక్కువున్నారని గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు. రాత్రుళ్ళు నిద్ర లేదు. పగలు కునుకు పడితే ఉలిక్కిపడి లేచేవాడు. చివరి రెండేళ్ళు కొండల మీద ఎక్కడో ఉన్నాడు, అక్కడ ఏదో జరిగింది. అంతవరకే నాకు తెలుసు. అడిగితే 'ఏం లేదు లే' అనేవాడు. ఆ 'ఏం లేదు'లో ఏదో ఉందని చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆయనకి కునుకు పట్టింది. కాఫీ కలిపి, లేపుదామని భుజం మీద చెయ్యి వేశాను. అంతే, నా మణికట్టు ఆయన గుప్పిట్లో ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడట్లేదు. గాజులు పగిలి చేతిలో దిగాయి. రక్తం చూశాక ఆయనకి తెలివి వచ్చింది. నాకంటే ఎక్కువ ఆయనే వణికిపోయాడు. ఆ రోజు నుంచి చాప వసారాలోకి మార్చేశాడు. నేను ఏడ్చాను, అరిచాను, గాజులే కదప్పా, ఇంకో డజను కొనుక్కుంటానని బతిమాలాను. ఆయన చాప మాత్రం లోపలికి రాలేదు.

అప్పుడు నేనొక పని చేశాను. మగ్గం ఆపేశాను.

ఎవరూ ఆపమనలేదు. నాకే తోచింది. ఆ పోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తి టక్కుమని కొట్టుకోవడం, పలక వచ్చి దబ్బున తగలడం, ఇది నాకు సంగీతం కావచ్చు గానీ ఆ మనిషికి తుపాకీలా వినబడుతుందేమో అనుకున్నాను. సగం నేసిన చీర కోసి తీసేశాను. దువ్వెన లాంటి అచ్చులో మిగిలిన పోగుల కొసలు గుప్పెడు గుప్పెడుగా ముడేశాను. అలా ముడేసి ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు కొత్త పడుగు తెచ్చి, ఒక్కో పోగునీ ఒక్కో కొసకి అతుక్కోవచ్చు. మగ్గం మీద గోనెపట్టా కప్పి, కాళ్ళు దించే గుంట మీద చెక్కలు పరిచాను. కుక్కర్ అటక మీద పెట్టి కుండలో అన్నం వండాను. గేటు గొళ్ళేనికి గుడ్డ చుట్టాను. మా వరసలో అప్పటికే చాలామంది మగ్గాలు తీసేసి పనులకి పోతున్నారు. మాది కూడా ఆగేసరికి ఆ వరస అంతా చప్పుడు లేకుండా పోయింది. అంత త్యాగం చేశాక ఆయన బాగుపడతాడని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆయన ఇంకా పాడయ్యాడు. బల్లి పాకినా లేచి కూర్చునేవాడు.

ఆ రోజుల్లోనే ఏవో సర్వీసు కాగితాల పని మీద ఆదోని వెళ్ళాడు. అక్కడ ఆఫీసు ముందు క్యూలో నిలబడ్డ చోట ఎవరో పాతకాలం మిలటరీ ఆయన పరిచయమయ్యాడట. మరుసటి వారం మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాత వారానికి మూడుసార్లు. యాడికి పోతాండావప్పా అంటే, 'పరుపులాయన దగ్గరికి' అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

మొదట నేను నమ్మలేదు. వారానికి మూడుసార్లు పరుపుల అంగడికి పోయే మగవాడి ఇంట్లో కనీసం ఒక కొత్త దిండైనా ఉండద్దా? పైగా తిరిగి వచ్చేటప్పుడు మనిషి తేటగా ఉండేవాడు. గడ్డం గీసుకోవడం మొదలెట్టాడు. దారిలో టమాటాలు కొనుక్కొచ్చేవాడు. ఒకరోజు స్నానాల గదిలోంచి కూనిరాగం వినబడింది. చొక్కా ఉతుకుదామని తీస్తే అత్తరు వాసన, కాలరు మడతలో దూది. ఆదోనిలో పత్తి అందరికీ అంటుతుంది, అది సరే. అత్తరు ఎవరు పూశారు?

నేను ఇల్లు మొత్తాన్ని గుడ్డలో చుట్టిపెట్టి, నా మగ్గాన్ని పండబెట్టి, పిల్లిలా నడుచుకుంటూ ఏడాదిన్నర కాపలా కాస్తే రాని నవ్వు, ఇంకెవరో మూడు వారాల్లో తెప్పించారు. ఆ ఇంకెవరో ఆడదని నాకు గట్టిగా అనిపించింది. పక్కింటామె కూడా 'చూసుకో మే' అని ఒక పుల్ల వేసింది. ఇక నా ఒళ్ళు ఉడికిపోయింది.

ఒక గురువారం ఆయన బస్సెక్కాక, తర్వాతి బస్సెక్కాను. అదే బస్సులో పోతే దొరికిపోతాను. ఆయన ఎప్పుడూ చివరి సీటులో కూర్చుని ఎక్కినవాళ్ళందరినీ చూస్తాడు. ఆదోనిలో దిగి, పరుపులు కుట్టే మిలటరీ ఆయన ఇల్లెక్కడని అడిగితే ముగ్గురు మూడు సందులు చూపించారు. ఎండ మాడుస్తోంది. ఆడమనిషి కనబడితే ఏమనాలో దారి పొడవునా మనసులో అనుకుంటూ పోయాను. చాలా మంచి మాటలే కూడగట్టుకున్నాను. ఒక్కటీ ఇక్కడ రాయడానికి పనికిరాదు.

సందు చివర పచ్చ రంగు తలుపు. బయట గోడకి ఆనించి చుట్టిన పరుపులు. లోపలి నుంచి చప్పుడు వస్తోంది, దప్, దప్, దప్, ఒకే కొలతలో. కొంచెం తెరిచి ఉన్న తలుపులోంచి చూశాను.

గళ్ళ లుంగీ కట్టుకున్న ముసలాయన ఒకడు దూది కుప్ప ముందు కూర్చుని బెత్తంతో కొడుతున్నాడు. దూది విచ్చుకుని గదంతా ఎగురుతోంది. ఆయన పక్కన, దూది మీదే, మా ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. గురక పెడుతున్నాడు.

ఆ గురక విని ఎన్నేళ్ళయిందో. అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. ఆడది ఉండి ఉంటే బాగుండేదనిపించింది. జుట్టు పట్టుకుని రెండు కొడితే కోపం తీరిపోయేది. ఈ బోసినోటి ముసలాయనని నేనేం చెయ్యను? నా పక్కన రాని నిద్ర ఆయన పక్కన వస్తే ఎవరితో మొర పెట్టుకోను?

పక్క గదిలోంచి ఆయన భార్య వచ్చింది. నన్ను చూసి ఎవరని అడగలేదు. నా మొహం చూస్తేనే తెలిసిపోయిందేమో. వేలు పెదవి మీద పెట్టి, చెయ్యి పట్టుకుని వెనక వంటగదిలోకి తీసుకుపోయింది. నీళ్ళిచ్చింది. ఆమె ఒంటి నుంచి వస్తున్నది అదే అత్తరు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ చొక్కాకీ ఒక చుక్క రాయడం ఆ ఇంటి పద్ధతట. దూది దుమ్ము వాసన పోతుందని.

నేను మర్యాదగా మొదలుపెడదామనుకున్నాను, ఏడుపొచ్చింది. నా ఇంట్లో ఏం తక్కువైంది అమ్మా, నేనెంత చేసినాను, చీమ చిటుక్కుమనకుండా చూసుకున్నానే అని మగ్గం ఆపిన సంగతి అంతా చెప్పుకున్నాను. ఆమె వింటూ విని, చివరికి తల కొట్టుకుంది.

"మగ్గం ఆపితివా? అయ్యో బేటీ, ఎంత పని చేసినావు. వీళ్ళకి భయం సప్పుడంటే కాదు. ఒకటే తీరుగా పోయే సప్పుడు ఆగిపోతే భయం. ఆడ అంతా నెమ్మదైనాకనే కదా ఏమైనా అయ్యేది. మా ఆయన ఆ బెత్తం ఆపితే మీ ఆయన లేచి కూర్చుంటాడు సూడు."

 నేతపని చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ ఈ తప్పు చేయలేరు. వేరే ఇంట్లో ఆపడానికి మగ్గమే ఉండదు కదా. అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచి ఆ చప్పుడు వింటూ పెరిగిన మనిషికి, ప్రేమ కొద్దీ అదొక్కటీ లేకుండా చేశాను.

ఆమె ఇంకా చాలా చెప్పింది. నిద్రలో ఉన్నప్పుడు తాకద్దు, దూరంగా పాదాల దిక్కు నిలబడి పేరుతో పిలువు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ముందే చెప్పు. ఏది ఎప్పుడో అది అప్పుడే కావాలి, తిండీ, స్నానమూ, నడకా. తన భర్త ఇప్పటికే ఇద్దరు ముగ్గురిని కర్నూలులో మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు, మీ ఆయన కూడా రెండుసార్లు పోయి వచ్చాడు, మాత్రలు వాడుతున్నాడు అంది. ఆ మాట వినగానే ఆరిన మంట మళ్ళీ అంటుకుంది. డాక్టరు దగ్గరికి పోయిన సంగతి కూడా నాకు తెలీదు! మా ఆయన మాత్రల రంగు ఈ ఇంట్లో తెలుసు, మా ఇంట్లో తెలీదు.

చివరికి అసలు సంగతి అడిగాను. ఇన్నాళ్ళుగా నాకు కావలసింది ఒక్కటే. ఆ కొండల మీద జరిగిందేదో ఆయన నాకు చెప్పాలి. ఎవరికైనా చెప్పేటట్టయితే ముందు నాకే చెప్పాలి. తాళి కట్టించుకున్నది నేను.

"మీ ఆయన మీకు సెప్పినాడా అమ్మా, ఆయనకి జరిగింది?"

ఆమె రొట్టెల పిండి కలుపుతోంది. చెయ్యి ఆపకుండానే "లేదు బేటీ" అంది. "నలభై ఏండ్లాయె. నాకు సెప్పలేదు. మీ ఆయనకి సెప్పినాడు, మొదటి దినమే."

ఆమె అబద్ధం చెప్పాలనుకుంటే ఎంతసేపు. ఆ, చెప్పాడులే అని ఒక్క మాట అని ఉంటే నా ముందు పెద్దరికం దక్కేది. చెప్పలేదు. నిజం చెప్పి మళ్ళీ పిండి పిసుక్కుంది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది, ముసలాయన మీద మంట మాత్రం అలాగే ఉంది.

మా ఆయన లేవకముందే బయటపడి, ముందు బస్సుకే ఇల్లు చేరాను. గోనెపట్టా పీకి అవతల పడేశాను. చెక్కలు తీశాను. గుంటలో సాలెపురుగులు కాపురం పెట్టాయి. ఆయన వచ్చేసరికి ఒంటినిండా దుమ్ముతో గుంటలో నిలబడి ఉన్నాను.

ఆదోని వచ్చిన సంగతి దాచలేదు. వచ్చినాను, చూసినాను, గురక విన్నాను, రేపు పడుగు తెస్తాండా, మగ్గం మొదలుపెడతాండా అని చెప్పేశాను.  ఆయన పోగుల ముడులు విప్పడానికి వంగాడు.

పడుగు అతకడం ఒక్కరితో అయ్యే పని కాదు. అయినా బాగా ఆలస్యమవుతుంది. ఎదురెదురుగా ఇద్దరు కూర్చోవాలి. ఒకరు పాత కొసనీ కొత్త కొసనీ కలిపి అందిస్తే, ఇంకొకరు వేళ్ళకి బూడిద రాసుకుని మెలితిప్పాలి. వేల పోగులు. ఒక్కటి తప్పినా బట్టలో గీత పడుతుంది. ఆయన అందించాడు, నేను మెలితిప్పాను. నాలుగు రోజులు అదే పని. ఆయన్ని తలుపు వైపు మొహం ఉండేట్టు కూర్చోబెట్టాను. మాటలేం లేవు. చెప్పడానికి ఇంతకంటే మంచి వేళ ఏముంటుంది, నోరు తెరవచ్చు కదా అని ప్రతి పోగుకీ అనుకున్నాను. ఆయన పోగులే అందించాడు. మూడో రోజున మాత్రం, చిన్నప్పుడు వాళ్ళమ్మకి ఇలాగే అందించేవాడినని, నిద్రొచ్చి ఒళ్ళో పడిపోయేవాడినని చెప్పాడు. అది కూడా నాకు కొత్తే.

మగ్గం మొదలుపెట్టే ముందు 'ఇదో, కొడతాండా' అని చెప్పి కొట్టాను. మొదటి దెబ్బకి ఆయన భుజాలు బిగుసుకున్నాయి. లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆపలేదు. కాసేపటికి తిరిగొచ్చాడు. రెండో రోజు గుమ్మంలో కూర్చున్నాడు. ఐదో రోజు, మధ్యాహ్నం, గోడ పక్కన చాప వేసుకుని పడుకున్నాడు. నాడె కొడుతూనే ఓరకంట చూశాను. నోరు తెరుచుకుంది. ఆ రోజు కాళ్ళు లాగేస్తున్నా గుంటలోంచి లేవలేదు. ఆగితే లేస్తాడని సాయంత్రం దాకా నేశాను. ఆ చీర అంచులో రెండుచోట్ల తప్పులున్నాయి. కళ్ళు సరిగా కనబడలేదు.

అంతటితో అంతా బాగైపోయిందని చెబితే అబద్ధం. కర్నూలు డాక్టరు దగ్గరికి అప్పటి నుంచి ముసలాయనతో కలిపి ముగ్గురమూ వెళ్ళేవాళ్ళం. బస్సులో కావాలనే వాళ్ళిద్దరి మధ్యన నేను కూర్చునేదాన్ని. ముసలాయనకి నా కుళ్ళు తెలుసు. బోసినోటితో నవ్వుతూ జరిగి చోటిచ్చేవాడు. డాక్టరు ఏం చెప్పినా ముందు ముసలాయనే తలూపేవాడు, నాకు తిక్క రేగేది. మాత్రల డబ్బా నా చేతికి వచ్చింది, అదొక్కటీ నేను గెలుచుకున్నది. చీటీ రాసి గోడకి అంటించాను. ఏ రోజు జాతర, ఏ రోజు పెళ్ళి ఊరేగింపు, టపాసులు ఎప్పుడు కాలుస్తారు, వీధివాళ్ళని ముందే అడిగి రాసేదాన్ని. తెలిసి ఉంటే ఆయన తట్టుకునేవాడు. తెలియకుండా వస్తే మళ్ళీ వారం వెనక్కి పోయేవాడు. నెమ్మదిగా కుక్కర్ కూడా అటక దిగింది. 'మూడు విజిల్సు' అని ముందు చెప్పి పెట్టేదాన్ని.

అమావాస్య మాత్రం ముసలాయనదే, ఆదోనిదే. ఆ రోజు మగ్గం ఆడించకూడదని మా వాళ్ళ ఆచారం. చప్పుడు లేని ఆ ఒక్కరోజు మా ఆయన పొద్దున్నే బస్సెక్కి బెత్తం చప్పుడు దగ్గరికి పోయేవాడు. వెళ్ళనీ, నెలకి ఒక్కరోజే కదా అని సర్దుకున్నాను. ముసలాయనకి కొరకడానికి పళ్ళు లేవని మెత్తగా బొబ్బట్లు చేసి డబ్బాలో పంపేదాన్ని. ప్రేమతో కాదు. మా ఇంటి వంట ఎలా ఉంటుందో తెలియాలని.

కొన్నాళ్ళకి మా ఆయనే మగ్గం గుంటలో దిగాడు. పాతికేళ్ళ తర్వాత కూడా కాళ్ళకి పని గుర్తుంది. నేను నాడెలో పెట్టే కండెలు చుట్టే పనికి మారాను. ఎంతసేపు మగ్గం ఆడితే అంతసేపు ఆయన బాగున్నట్టు. వంటింట్లో ఉన్నా, వీధిలో ఉన్నా నా చెవి ఒకటి అటే ఉంటుంది.

పోయిన ఏడాది ముసలాయనకి చెయ్యి వణుకు మొదలైంది. బెత్తం పట్టుకోలేకపోయాడు. అప్పటి నుంచి తన దగ్గరికి వచ్చేవాళ్ళని మా ఇంటికి పంపడం మొదలెట్టాడు. మొదట వచ్చింది గోనెగండ్ల వైపు నుంచి ఒక కుర్ర జవాను. ముప్పై నిండలేదు. మగ్గం గుంట పక్కన, గోడకి వీపు పెట్టి కూర్చుంటాడు. మా ఆయన నేస్తుంటాడు. ఎప్పుడో ఒకసారి మాట్లాడుకుంటారు. ఒకసారి ఇద్దరూ నవ్వారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని వెళ్ళేసరికి ఆపేశారు. ఇదీ నా బతుకు! ముసలాయన బెడద తీరిందనుకుంటే నా ఇంట్లోనే, నా కాఫీ తాగుతూ, ఇంకొకడు తయారయ్యాడు.

నాలుగోసారి ఆ అబ్బాయితో పాటు అతని భార్య వచ్చింది. పిలవకుండా వచ్చింది. వసారాలో నిలబడి లోపలికి చూస్తున్న ఆ పిల్ల మొహం చూడగానే నాకు ఆదోనిలో ఆ పచ్చ తలుపు ముందు నిలబడ్డ నేనే కనబడ్డాను. అదే చూపు. కొడదామా ఏడుద్దామా తేల్చుకోలేని చూపు. కూర్చోమన్నాను. రాట్నం తిప్పుతూ, పోగు ఎలా పట్టుకోవాలో చూపించాను. మగ్గం ఆడే ఇంట్లో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. ఆ పిల్లకి అలవాటు లేదు, నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"అక్కా, అన్న నీకు సెప్పినాడా? ఆడ ఏమైందో?"

"సెప్పకేం? అంతా సెప్పినాడు" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. నా మొగుడి గుట్టు నాకు తెలీదని, మొన్న మొన్న వచ్చిన ఆమె మొగుడికి తెలుసని ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. ఆ పిల్ల తల దించుకుంది. వేళ్ళలో పోగు తెగింది.

"నా మొగుడు నాకు సెప్పలే. అంటే నాలోనే ఏదో తక్కువుందక్కా" అంది.

రాట్నం ఆపేశాను. ఆ వంటగది, పిండి కలిపే ఆ చెయ్యి కళ్ళ ముందు తిరిగాయి. ఆ రోజు ఆమె కూడా నాలాగే గొప్పకి పోయి ఉంటే నేను బస్సులో ఏ ఆలోచనతో ఇంటికి వచ్చేదాన్నో. సిగ్గుతో చెవులు కాలాయి. ఈ పిల్లకి వినబడాలని గొంతు పెంచి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట పైకి అన్నాను.

"అబద్ధం సెప్పినాను లే. నాకూ సెప్పలేదు. ఇన్నేండ్లాయె, ఒక్క ముక్క సెప్పలేదు. నాకెంత కడుపుమంటో దేవునికి తెలుసు."

లోపల మగ్గం ఆగింది.

ఆ పిల్లా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గుంటలోంచి లేచి వస్తున్న అడుగులు వినబడ్డాయి. మా ఆయన గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, చేతిలో ఖాళీ కండె. ఆయనకి కోపం వచ్చిందనుకున్నాను. కోపం లేదు. ఆ కండెని నా ఒళ్ళో బుట్టలో వేసి, నిండుది ఒకటి తీసుకున్నాడు.

"నీకు సెప్పింటే నువ్వూ ఆడికే వచ్చినట్టు కదా, మే. ఇంక ఆడినుంచి నేను ఎవురి దగ్గరికి రావాల?" అన్నాడు.

అని లోపలికి వెళ్ళిపోయాడు. గుంటలో దిగిన చప్పుడు, తర్వాత నాడె. ఆ పిల్ల నా మోకాలి మీద చెయ్యి వేసి ఏదో అడుగుతోంది, నాకు వినబడలేదు. తెగిన పోగు కోసం వెతుకుతున్నాను, అది కనబడటం లేదు. ఆ మాట మాత్రం పరుపులాయనకి కూడా తెలీదు. అది ముందు నాకే చెప్పాడు.